హీటరు వెలిగించనన్న పోశెట్టి

పోశెట్టన్న పోయాడన్న కబురు నాకు శనివారం ఉదయం, కంపెనీ స్టోరు తాళం తీస్తుండగా వచ్చింది. మామీర్‌లోని కూలీల క్యాంపులో వంట చేసే మనిషి ఫోన్ చేశాడు. "సూరిబాబన్నా, పోశెట్టన్న పోయిండే" అన్నాడు. డ్యూటీ బస్సు వచ్చే వేళకు మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడట. ఒకటి వేసుకుని, రెండోది చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడట. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు. యాభై ఏళ్ళు ఇంకా నిండలేదు.

ఆ పూట స్టోరుకు వచ్చినవాళ్ళకు అడిగిన సామాను ఒకటైతే నేను ఇచ్చింది ఇంకొకటని తర్వాత చెప్పారు. నాకేమీ గుర్తు లేదు. నాలుగో రోజున ముహర్రక్ నుంచి ఆయన్ను ఇంటికి పంపాం. విమానాశ్రయంలో సామాన్లు దించే గేటు దగ్గర తొమ్మిదిమందిమి నిలబడ్డాం. కాగితాల మీద సంతకం చేయమంటే చేశాను. పెట్టె లోపలికి వెళ్ళాక కూడా ఎవరమూ కదల్లేదు.

ఆయన గురించి రాయమని మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు అడిగారు. వాళ్ళు అడగకపోయినా రాయవలసినవాణ్ణి నేనే. అలా ఎందుకన్నానో దాని చోట చెబుతాను.

పోశెట్టన్నది జగిత్యాల వైపు ఒక పల్లె. భార్య రాజవ్వ బీడీలు చుడుతుంది. ఆమె లెక్కలో ఆయన బహ్రెయిన్‌లో లేడు, దుబాయిలో ఉన్నాడు. "పదమూడేండ్లాయె, ఇంక దుబాయే అంటది. నేను గూడ దిద్దుడు బంద్ జేసిన" అని నవ్వేవాడు. ఇద్దరికీ చదువు రాదు. అందుకని ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపుకునేవారు. శుక్రవారం మధ్యాహ్నం నయీమ్‌లో మా గది మేడమీద, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, టేప్ రికార్డరును ఒళ్ళో పెట్టుకుని ఆమెతో మాట్లాడేవాడు. ఆ గదిలో ఆయనా నేనూ ఏడేళ్ళు కలిసి ఉన్నాం. నాది గోదావరి జిల్లా, స్టోరు గుమాస్తా పని. ఆయన అదే కంపెనీలో వేసవిలో ఏసీలు, చలికాలంలో గ్యాసు హీటర్లు బాగుచేసేవాడు.

ఇక్కడ చలి ఏమిటని ఇంటి దగ్గర అడుగుతారు. జనవరిలో ఉత్తరపు గాలి వీచినప్పుడు ఈ చలువరాతి నేలల మీద చెప్పులు లేకుండా నడిచినవాళ్ళకు తెలుస్తుంది. అప్పుడు ఇళ్ళల్లో చక్రాల హీటర్లు బయటికి వస్తాయి. వాటి పొట్టలోనే గ్యాసు సిలిండరు. ఏడాదిలో తొమ్మిది నెలలు మూలన పడి దుమ్ము పట్టినవి ఒక్కసారిగా వెలగమంటే వెలగవు. డిసెంబరు మొదటి వారం నుంచి మా కంపెనీలో ఫోను మోగుతూనే ఉండేది.

ఆయన పనిచేసే తీరు వేరు. మిగతా మెకానిక్కులు ఇంట్లోకి వెళ్ళగానే హీటరు వెనక మూత విప్పేవారు. పోశెట్టన్న ముందు గది చూసేవాడు. కిటికీలు ఎన్ని, ఎక్కడ మూశారు, గోడ మీద మసి ఉందా అని చూసి, నేల మీద కాసేపు ఊరికే కూర్చునేవాడు. "జరమొచ్చినోని నాడి తర్వాత చూద్దాం. వాడు పండుకునే జాగెట్లున్నదో ముందు చూడాలె" అనేవాడు. ఆ తర్వాత సబ్బునురుగు తీసుకుని గొట్టం పొడవునా రాసేవాడు. బుడగ లేస్తే అక్కడ గ్యాసు కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి వెతికే మెకానిక్కులు ఉన్నారని చెబితే, "వాళ్ళకు కనుబొమ్మలెట్ల మిగిలినయ్?" అని అడిగాడు.

గ్యాసు వచ్చే సన్నటి రంధ్రం దుమ్ముతో పూడుకుంటే మంట సరిగా రాదు. అందరూ దానిలో గుండుసూది పెట్టి తిప్పుతారు. ఆయన పెట్టనిచ్చేవాడు కాదు. సూదితో రంధ్రం పెద్దదవుతుంది, గ్యాసు ఎక్కువై మంట పసుపుపచ్చగా మారుతుంది, మసి వస్తుంది. బట్టలుతికే పాత బ్రష్షు నుంచి ఒక వెంట్రుక పీకి దానితో శుభ్రం చేసేవాడు. అరగంట పట్టేది. సూపర్‌వైజరు విసుక్కునేవాడు. మంట నీలంగా నిలబడేదాకా ఆయన లేచేవాడు కాదు.

ఒకసారి మన తెలుగువాళ్ళ ఇంటి నుంచే ఫోను వచ్చింది. ఆ ఇల్లాలు ఇది చదువుతారని తెలుసు, పేరు రాయను. హీటరు వెలగడం లేదు, ఏదో పులిసిన వాసన వస్తోందన్నారు. విడిభాగాల పెట్టెతో నేనూ వెళ్ళాను. పోశెట్టన్న మూత విప్పి లోపలికి చూసి, వేలితో తడిమి, ఆ వేలు వాసన చూశాడు.

"అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. హీటరుకు ఇడ్లీలు పెట్టిన్రా?"

ఆవిడ సిగ్గుపడిపోయారు. "చలికి పిండి పొంగి చావట్లేదు బాబూ. రాత్రి గిన్నె దాని నెత్తిన పెట్టాను. పొద్దున్న చూస్తే సగం పిండి లేదు."

"ఏడవోతదమ్మా, గీ హీటర్లనే ఉన్నది. పొంగింది, మంచిగనే పొంగింది."

గట్టిపడిన పిండిని చాకుతో గీకి తీయడానికి ఆయనకు రెండు గంటలు పట్టింది. ఒక్క మాట తిట్టలేదు. వెళ్ళేముందు ఫ్రిజ్జు వెనక పైభాగంలో చెయ్యి పెట్టి చూపించి, "గీడ ఎప్పటికీ వెచ్చగుంటది, గిన్నె గీడ పెట్టు" అని చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎప్పుడు ఇడ్లీ చేసినా ఆయనకు ఒక డబ్బా వచ్చేది. ఆయన పేరు మా గదిలో కొన్నాళ్ళు ఇడ్లీ డాక్టరు.

ఆయన నవ్వకుండా మాట్లాడే సంగతి ఒకటే. గాలి రంధ్రం. చలి మొదలవగానే మనవాళ్ళు చేసే మొదటి పని కిటికీ ఏసీ చుట్టూ ఉన్న సందుల్లో గుడ్డలు కుక్కడం, ఎగ్జాస్టు ఫ్యానుకు అరటిపళ్ళ అట్టపెట్టె విప్పి టేపు అంటించడం. మా గదిలోనూ హీటరు వెలిగించుకుని ఆరుగురం కలిసి ఆ పనే చేశాం. పోశెట్టన్న డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆ అట్టను పీకి పారేశాడు.

"ఏందన్నా, సచ్చేటట్టున్నం సలికి!" అని ఆయన ఊరివాడొకడు అరిచాడు.

"సలికి సావవు. దుప్పటి కప్పుకో."

"దుప్పటి సాలది."

"గాలి బంద్ జేస్తే సాలుతది. మొకం మీదికెల్లి గూడ కప్పుతరు."

ఎవరూ మళ్ళీ అట్ట పెట్టలేదు. కానీ ఆయనకు అంత కోపం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఒక శుక్రవారం మేడమీద బట్టలు ఉతుకుతూ తనంతట తానే చెప్పాడు.

వచ్చిన రెండో చలికాలం. అప్పుడాయన వేరే చిన్న దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. నలుగురు కూలీలుండే గదిలో హీటరు అస్తమానం దానంతటదే ఆరిపోతోందని పిలిచారు. హీటరులో ఎప్పుడూ వెలిగే చిన్న మంట ఒకటుంటుంది, దాని పక్కన సన్నని లోహపు కాడ ఉంటుంది. కాడ వేడిగా ఉన్నంతసేపే గ్యాసు వస్తుంది. గదిలో గాలి చెడిపోతే ఆ చిన్న మంట కాడను వదిలి దూరంగా లేస్తుంది, కాడ చల్లబడుతుంది, గ్యాసు ఆగిపోతుంది. మనుషుల్ని కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది. పోశెట్టన్నకు అప్పటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కాడను మంటలోకి వంచాడు. హీటరు మళ్ళీ ఆరలేదు. ఆ గదివాళ్ళు మెచ్చుకుని ఆయనకు కోడికూరతో అన్నం పెట్టారు.

"వారం దినాలకు ఇద్దర్ని దవాఖానకు మోసిన్రు సూరిబాబూ. ఒకడు లేచి మంచిగైండు. ఇంకోడు బతికిండు గాని, ఆని పేరు ఆనికే యాదికి లేదు. నేను చూడబోతే నవ్విండు. గట్లనే ఇంటికి తోలిన్రు." తడి చొక్కాను పిండుతూనే ఉన్నాడు. "నేను బాగుచేసిన అనుకున్న. అన్నం గూడ తిన్న."

చొక్కాను దులిపి తీగ మీద ఆరేశాడు.

ఇక నాలుగేళ్ళ కిందటి జనవరి సంగతి. మా కంపెనీకి పెద్ద ఖాతాదారైన ఒక ఇంటి నుంచి కబురు వచ్చింది. పనిమనిషి గదిలో హీటరు ఆరిపోతోంది, బయటి మెకానిక్కు ఒకసారి చూశాడు, అయినా తెల్లవారుజామున ఆరుతోంది, ఇక ఆరకుండా చేయాలి అని. ఏ ఇంట్లో ఏం పనో రాసే కార్డు మీద ఆ మాటే రాసి పోశెట్టన్నకు చదివి వినిపించాను. కొత్త కాడ అవసరమవుతుందేమోనని ఒకటి పట్టుకుని నేనూ బండెక్కాను.

ఆ పనిమనిషి మన గోదావరి పిల్లే. పేరు సత్యవతి, రాజోలు వైపు. ఇప్పుడు మన సంఘానికి వస్తున్న సత్యవతిగారే. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. తలుపు తీసినప్పుడు గోడ పట్టుకుని నిలబడి ఉంది. తెలుగు వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పొద్దున్నే లేవలేకపోతన్నానండి. తల బద్దలైపోతంది. లేస్తే వాంతులు. మేడంగారు నాకు కడుపేమో అని అనుమానపడతన్నారండి. ఎల్లుండి టికెట్టు తీసి పంపేత్తానన్నారు. అమ్మతోడు అన్నయ్యగారూ, నేనలాటిదాన్ని కాదు."

"నువ్వు కూసో చెల్లె. ఏడ్వకు" అని పోశెట్టన్న గదిలోకి వెళ్ళాడు.

వంటింటి వెనక చిన్న గది అది. మంచం, పెట్టె, హీటరు. కిటికీ లేదు. గోడ పైన గాలికి వదిలిన రంధ్రం ఉండాలి. దుమ్ము వస్తోందని దానికి చెక్క కొట్టి, పైన సున్నం పూశారు. పోశెట్టన్న నేల మీద కూర్చుని చాలాసేపు ఆ చెక్కనే చూశాడు. తర్వాత హీటరు వెనక మూత విప్పాడు. బయటి మెకానిక్కు కాడను మంటలోకి వంచి, ఇనుప తీగతో బిగించాడు. వెలిగిస్తే మంట పచ్చగా, పొడుగ్గా లేచింది. పోశెట్టన్న వెంటనే ఆర్పేశాడు.

"పొద్దుగాల బయటికొస్తే నెత్తి నొప్పి తక్కువైతదా?" అని అడిగాడు ఆమెను.

"అవునండి. పెరట్లో గిన్నెలు తోమేటప్పటికి కాస్త తేటపడతది. మీకెలా తెలుసు?"

"నీకేం రోగం లేదు. రోగం గీ అర్రకున్నది" అని గది చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు.

ఇంటి యజమానురాలు వచ్చింది. చెడ్డ మనిషని నేను అనను. ఆమెకు తెలియదు, అంతే. పోశెట్టన్న తనకొచ్చిన నాలుగు అరబ్బు ముక్కలతో గోడను, హీటరును, సత్యవతిని చూపించి, "హవా మాఫీ, మదామ్. హవా మాఫీ" అన్నాడు. గాలి లేదని. రంధ్రం తెరిచేదాకా ఇక్కడ హీటరు వెలిగించనన్నాడు. ఆమె మా సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, ఆ ఫోను పోశెట్టన్నకిచ్చింది. హిందీలో ఆయన అరుపు నాకు కూడా వినిపించింది. గది సంగతి నీకెందుకు, హీటరు ఆరకుండా చేసి రా, లేకపోతే రేపటి నుంచి ఈ పనిలో ఉండవు.

"నై కరూంగా సాబ్" అన్నాడు పోశెట్టన్న. చేయనని. ఫోన్ పెట్టేసి, హీటరు దగ్గరికి వెళ్ళి కాడను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అది లేకుండా ఆ హీటరును ఎవరూ వెలిగించలేరు. నా చేతిలో ఉన్న కొత్త కాడను కూడా అడిగి తీసుకున్నాడు.

ఆ రాత్రి సత్యవతి హీటరు లేకుండా రెండు దుప్పట్లతో పడుకుంది. పొద్దున్న తలనొప్పి తక్కువగా ఉంది. మర్నాడు వాంతి కాలేదు. యజమానురాలు ఆమెను డాక్టరుకు చూపించింది, కడుపు లేదన్నారు. పోశెట్టన్న చెప్పింది అప్పుడు ఆమెకు తట్టింది. టికెట్టు మాట మానుకుంది, ఆ వారంలోనే చెక్క పీకించింది. సత్యవతిగారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. కంపెనీకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

కంపెనీలో జరిగింది ఇది. మేం ఆ ఇంటి నుంచి వచ్చిన సాయంత్రమే సూపర్‌వైజరు నన్ను కూర్చోబెట్టి కార్డు మీద రాయించాడు. పని చేయడానికి నిరాకరించాడు, అనుమతి లేకుండా ఖాతాదారు వస్తువు తీసుకుపోయాడు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. అక్షరాలు నావి. నా కాంట్రాక్టు ఆ నెలలోనే తిరగరాయవలసి ఉంది. నేను నోరు విప్పలేదు. కార్డు కింద పనిచేసినవాడి సంతకం ఉండాలి. పోశెట్టన్నను పిలిచారు.

"ఏం రాసినవ్ సూరిబాబూ?" అని అడిగాడు.

"జరిగిందే రాశానన్నా" అన్నాను.

"గంతే చాలు. నువ్వు మంచిగ రాస్తవు" అని, తనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాటను, తన పేరును, మెల్లగా, అక్షరం అక్షరం దిద్ది ఇచ్చాడు.

వారం తిరక్కుండా ఆయన్ను హీటర్ల పని నుంచి తీసేసి, మామీర్‌లో పైపులు మోసే పనికి పంపారు. సంతకం చేసిన కార్డు ఫైలులో ఉంది గనక అడగడానికి ఏమీ లేకపోయింది. పదమూడేళ్ళలో తొమ్మిదేళ్ళు చేత్తో వెంట్రుక పట్టి పనిచేసిన మనిషి చివరి నాలుగేళ్ళూ భుజాన ఇనుము మోశాడు. శుక్రవారాలు నయీమ్ వచ్చేవాడు. ఎవరింట్లో హీటరు చెడినా చూసేవాడు. భుజం మీద కాయ కాసింది, చూపించి నవ్వేవాడు. మేడమీద రాజవ్వకు క్యాసెట్టు నింపుతూ "ఈడ పని మంచిగనే ఉన్నది" అని చెప్పడం నేను విన్నాను. కార్డు సంగతి ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. చదివేవాళ్ళు క్యాంపులో చాలామంది ఉన్నారు, సూపర్‌వైజరు నోరు ఊరుకునేది కాదు. తెలిసే నాతో అలా ఉన్నాడేమో. ఇన్ని శుక్రవారాల్లో ఒక్కరోజు నేను చెప్పి ఉండవచ్చు. ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకున్నాను.

ఇంటికి పంపే కాగితాల కోసం ఫైలు తీసినప్పుడు ఆ కార్డు మళ్ళీ చూశాను. పక్కన నిజం రాస్తానని ఆఫీసులో అడిగాను. ఇప్పుడెవరికోసం అన్నారు.

మొన్న రాజవ్వ ఫోన్ చేసింది. ఊళ్ళోని ఫోన్ బూత్ నుంచి, ఎవరో నంబరు కలిపి ఇస్తే. ఏడుపు అయిపోయిన గొంతు. కర్మ జరిగిందని చెప్పింది. తర్వాత అడిగింది.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. మా ఆయన హీటర్ల పనిల మంచిగ పేరు తెచ్చుకున్నడు. మరి మోతపనికేసిన్రంటే ఏమన్న తప్పు జేసిండా? మా మరిది గట్లనే అంటుండు. ఆయన్నడిగితే ఏం లేదే అనెటోడు."

నిమిషాలు అయిపోతున్నాయని అవతల ఫోన్ బూత్ నడిపే మనిషి అంటున్నాడు. నేను రాసి పంపుతానమ్మా అన్నాను.

హీటరు ఆరకుండా చేసేవాళ్ళు ఈ దేశంలో చాలామంది దొరుకుతారు. ఈ డిసెంబరులో ఫోను మోగినప్పుడు పంపడానికి నాకు పోశెట్టన్న లేడు. ఆయన చేసిన పనికి ఆ రోజు రాయవలసిన మాట ఇప్పుడు రాశాను. ఇంతకంటే పెద్ద నివాళి నాకు చేతకాదు.

ఈ పత్రిక ప్రతి ఒకటి రాజవ్వకు పంపుతున్నాను. దీన్ని ఆమెకు చదివి వినిపించే బాబుకో అమ్మాయికో ఒక మనవి. కాడ, మంట, రంధ్రం లాంటివి ఆమెకు అర్థం కాకపోతే దాటెయ్యండి. కార్డు దగ్గర మాత్రం దాటవద్దు. అక్కడ నా పేరు కూడా చదవండి. మరిదిగారు ఇంట్లో ఉన్నప్పుడు, ఆయనకు వినబడేలా చదవండి.